తొలి బాల్సా కిట్ ఎంపిక: పెట్టె మీది బొమ్మ కన్నా లోపలి ప్లాను ముఖ్యం

ఫోముతో చేసిన ట్రైనర్‌ను (శిక్షణ విమానాన్ని) ఎవరి సాయమూ లేకుండా ఎగరవేసి దించగలుగుతున్నాననీ, ఇప్పుడు బాల్సా చెక్కతో సొంతంగా ఒక రేడియో కంట్రోల్ విమానాన్ని కట్టుకోవాలని ఉందనీ రాశారు. మీ ముందున్న కిట్లు మూడు: ఒకటిన్నర మీటర్ల రెక్క ఉన్న హై వింగ్ ట్రైనర్ (రెక్క పైభాగాన ఉండేది), దాదాపు అంతే కొలత ఉన్న పైపర్ కబ్ అనే తేలిక విమానపు మోడల్, 1.2 మీటర్ల పి-51 మస్టాంగ్ యుద్ధ విమానపు మోడల్. వీటిలో ఏది కొనాలి, దానికి కరెంటు మోటారు పెట్టాలా, ఇంధనంతో నడిచే గ్లో ఇంజిను పెట్టాలా అన్నది మీ ప్రశ్న. ట్రైనర్ కొనండి, మోటారు పెట్టండి అన్నదే నా సలహా. కారణాలు తెలిస్తే రేపు వేరే కిట్ ఏదైనా కంటబడినప్పుడు మీరే తేల్చుకోగలుగుతారు కాబట్టి కాస్త విస్తారంగా రాస్తున్నాను.

కిట్ కొనేటప్పుడు చాలామంది ఆ విమానం గాలిలో ఎలా ఉంటుందో ఊహించుకుని కొంటారు. నిజానికి వారు కొంటున్నది కొన్ని వారాల, ఒక్కోసారి కొన్ని నెలల సాయంత్రాల పని. ఎగరడమే ముఖ్యమనుకునే వారికి రెక్కలూ తోకా తయారై వచ్చే ఏఆర్‌ఎఫ్ విమానాలు ఉన్నాయి, వాటిలో తప్పేమీ లేదు. కానీ మీరు కట్టాలనుకుంటున్నారు. అందుచేత ఏ కిట్ విషయంలోనైనా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ విమానపు రెక్కను బల్ల మీద ఎలా కడతారు? ఫ్యూజిలాజ్‌లో (విమానపు మొండెంలో) చిన్న వంకర ఉన్నా విమానం ఎగురుతుంది, తోకలో కొద్దిపాటి తేడా ఉంటే రేడియోలోని ట్రిమ్ మీటలతో సర్దుకోవచ్చు. రెక్క మెలితిరిగితే మాత్రం ఆ విమానం ఏ వేగంలోనూ నిలకడగా ఎగరదు, ముఖ్యంగా నెమ్మదించి దిగే సమయంలో ఒక పక్కకు ఒరిగి పడిపోతుంది. కాబట్టి తొలి కిట్‌లో రెక్క తనంతట తాను తిన్నగా వచ్చే విధంగా రూపొంది ఉండాలి.

ట్రైనర్ రెక్కకు అడుగు భాగం చదునుగా ఉండడం ఎగరడానికి ఎంత మేలో, కట్టడానికి అంతకు మించిన మేలు. 1922లో వర్జీనియస్ క్లార్క్ రూపొందించిన క్లార్క్-వై ఎయిర్‌ఫాయిల్‌లో (ఎయిర్‌ఫాయిల్ అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం) రెక్క వెడల్పులో 30 శాతం దగ్గర నుంచి వెనక అంచు దాకా అడుగు సమతలంగా ఉంటుంది. చాలా ట్రైనర్లది అదే రూపం, లేదా దానికి దగ్గర రూపం. ప్లాను కాగితాన్ని చదునైన బల్ల మీద పరిచి, జిగురు అంటకుండా దాని మీద పలుచని ప్లాస్టిక్ షీటు కప్పి, కింది స్పార్‌ను (రెక్క పొడవునా సాగే కర్రను) పిన్నులతో బిగించి, రిబ్బులను (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలను) ఒక్కొక్కటిగా నిలబెట్టుకుంటూ పోతే బల్ల ఎంత చదునుగా ఉందో రెక్క అంత తిన్నగా వస్తుంది. పైగా ట్రైనర్ రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో ఉంటుంది కనుక రిబ్బులన్నీ ఒకే కొలత. అన్నింటినీ ఒక కట్టగా పేర్చి చూస్తే ఏది పొట్టిగా ఉందో, ఏ గాడి పక్కకు పోయిందో జిగురు వేయకముందే తెలిసిపోతుంది. అడుగు కూడా ఉబ్బెత్తుగా ఉండే రెక్కల్లో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ రిబ్బుల కింద చిన్న కాళ్లు కత్తిరించి ఇస్తారు, లేదా రెక్కను పట్టి ఉంచే చట్రం (జిగ్) ప్రత్యేకంగా కావాలి. ఆ కాళ్లను ఎప్పుడు కోయాలో, ఏ క్రమంలో పైన షీటు అతికించాలో తెలియకపోతే సగం పనిలో రెక్క మెలిక పట్టేస్తుంది.

రెక్క గురించే ఇంకొక మాట. ప్లానులో పై స్పార్‌కూ కింది స్పార్‌కూ మధ్య షియర్ వెబ్‌లు ఉన్నాయో లేదో తప్పక చూడండి. విమానాన్ని పైకి లేపినప్పుడు రెక్క చివరలు పైకి వంగబోతాయి. అప్పుడు పై స్పార్ మీద నొక్కుడు, కింది స్పార్ మీద లాగుడు పడతాయి. ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే పలుచని బాల్సా పలకలే ఈ వెబ్‌లు. వాటిలో చెక్క నార నిలువుగా ఉండాలి. ఇవి లేని రెక్కలో పై స్పార్ పుల్లలాగా వంగి విరుగుతుంది, ఉన్న రెక్కలో అదే స్పార్ ఎన్నో రెట్లు భారం మోస్తుంది. ఇవి కలిపేది కొన్ని గ్రాములు మాత్రమే. రెక్క మధ్య మూడో వంతులోనైనా వెబ్‌లు చూపని ప్లాను మీద నాకు నమ్మకం తక్కువ. అలాగే రెండు సగాలను కలిపే చోట ప్లైవుడ్ బ్రేస్ (ఊత పలక) ఎంత పొడవుందో, అది స్పార్లకు అతుక్కుంటుందో ఊరికే రిబ్బుల మధ్య వేలాడుతుందో చూడండి.

ఇక మస్టాంగ్ సంగతి. 1940లో తొలిసారి ఎగిరిన ఆ విమానం అందం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, దాని మీద మనసు పడడం సహజం. దాని మోడల్ కష్టమని అందరూ అంటారు గానీ ఎందుకు కష్టమో అంకెలు వేసి చూస్తే స్పష్టమవుతుంది. మీరు చెప్పిన ట్రైనర్ రెక్క 150 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే వైశాల్యం 37.5 చదరపు డెసిమీటర్లు. విమానం 1.7 కిలోలు తూగితే ఒక్కో చదరపు డెసిమీటరు మోసే బరువు 45 గ్రాములు. మస్టాంగ్ రెక్క 120 సెంటీమీటర్లు, సగటు వెడల్పు 20 సెంటీమీటర్లు అయితే వైశాల్యం 24, బరువు 1.5 కిలోలైతే చదరపు డెసిమీటరుకు 62 గ్రాములు దాటుతుంది. రెక్కలు రెండూ ఒకే నాణ్యతతో గాలిని పట్టుకుంటాయనుకుంటే మొదటిది గంటకు 28 కిలోమీటర్ల దగ్గర, రెండోది 33 దగ్గర స్టాల్ అవుతాయి, అంటే రెక్క గాలి మీద పట్టు కోల్పోయి విమానాన్ని మోయలేకపోతుంది. ఈ తేడా చూసి ఇంతేనా అనిపించవచ్చు. అసలు చిక్కు ఆ అంకెలో లేదు, రెక్క ఆకారంలో ఉంది. మస్టాంగ్ రెక్క చివరలకు పోయే కొద్దీ సన్నబడుతుంది. మోడల్ పరిమాణంలో రెక్క వెడల్పు తగ్గిన కొద్దీ గాలి దాని మీద నుంచి త్వరగా విడిపోతుంది, కాబట్టి రెక్క చివర ముందుగా స్టాల్ అవుతుంది. అలా అయినప్పుడు విమానం ముక్కు దించదు, ఒక్కసారిగా పక్కకు దొర్లుతుంది. దిగబోయేటప్పుడు, నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ఇది జరిగితే సరిదిద్దడానికి ఎత్తు మిగలదు. దీన్ని నివారించడానికి రెక్క చివర వెనక అంచును ఒకటి రెండు డిగ్రీలు పైకి తిప్పి కట్టాలి, దాన్ని వాషౌట్ అంటారు. రెండు రెక్కలకూ సమానంగా వాషౌట్ తీసుకురావడం కొన్ని రెక్కలు కట్టిన చేతికి సాధ్యమయ్యే పని. గుండ్రటి వీపు మీద షీటు వంచి అతికించడం, మడుచుకునే చక్రాల అమరిక, కాక్‌పిట్ మీది పారదర్శక మూత ఇవన్నీ దీనికి అదనం. మస్టాంగ్‌ను వదులుకోమనడం లేదు. మూడో కిట్‌గా కడితే అది మీ చేతుల్లో చాలా ఏళ్లు బతుకుతుంది.

పైపర్ కబ్ విషయంలో నా అభ్యంతరం ఇంత గట్టిది కాదు. 1938 నుంచి 1947 దాకా తయారైన జె-3 కబ్ అసలు విమానమే శిక్షణ కోసం వాడినది, కాబట్టి దాని మోడల్ కూడా తొలి విమానంగా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దాని రెక్క వెడల్పు చివరి వంపు దాకా ఒకటే, యూఎస్ఏ-35బీ అనే ఎయిర్‌ఫాయిల్ అడుగు దాదాపు చదును, బరువు తక్కువ. ఇదంతా నిజమే. కానీ వెడల్పుతో పోలిస్తే పొడవాటి రెక్క కావడం వల్ల ఎయిలెరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క వెనక అంచు పలకలు) కదిపినప్పుడు కిందికి వంగిన ఎయిలెరాన్ వైపు గాలి ఎక్కువగా వెనక్కి లాగుతుంది, ముక్కు తిరగవలసిన దిక్కుకు కాక ఎదుటి దిక్కుకు పోతుంది. ఎయిలెరాన్ పైకి లేచే దూరాన్ని కిందికి వంగే దూరానికి రెట్టింపుగా అమర్చి, ప్రతి మలుపులో రడ్డర్ (తోకలోని నిలువు చుక్కాని) కలిపితే అది చక్కగా తిరుగుతుంది. ఫోము ట్రైనర్‌లో రడ్డర్ ముట్టుకోకుండా ఎగరడం అలవాటైన వారికి ఇది కొత్త. దీనికి తోడు వెనక చక్రం ఉన్న విమానం కనుక నేల మీద పరిగెత్తేటప్పుడు గిర్రున తిరిగిపోయే గుణం ఉంటుంది. కట్టే పనిలో చూస్తే గుండ్రటి రెక్క చివరలు, పలుచని పట్టీలను తడిపి వంచి ఒకదానిపై ఒకటి అతికించే తోక అంచులు, రెక్కకు ఊతమిచ్చే స్ట్రట్‌లు, ముందు అద్దాల చట్రం ఇవన్నీ సమయం తీసుకుంటాయి. ట్రైనర్ పూర్తయ్యాక కబ్ కడితే ఆ పనుల్లో ప్రతిదీ మీకు ఆనందాన్నిస్తుంది.

బరువు విషయంలో పెట్టె మీద రాసిన అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. తయారీదారు తన చేతి నేర్పుతో, ఏరిన చెక్కతో కట్టిన నమూనా బరువు అది. తొలిసారి కట్టేవారు దానికి పది శాతం కలుపుకుని లెక్క వేసుకోవడం మంచిది. ఆ పెరిగిన బరువుతో కూడా రెక్క భారం చదరపు డెసిమీటరుకు 50 గ్రాముల లోపే ఉంటే ఆ కొలత ట్రైనర్ హాయిగా ఎగురుతుంది. ఒకే అంకె కాకుండా కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇచ్చిన తయారీదారు నిజాయితీగా చెబుతున్నాడని నేను అనుకుంటాను.

ఆ బరువంతా చెక్కలో మొదలవుతుంది. ప్రపంచంలో అమ్ముడయ్యే బాల్సాలో అధిక భాగం ఈక్వడార్ నుంచి వస్తుంది. ఒకే తోటలో పెరిగిన చెట్ల చెక్కలో కూడా సాంద్రత రెండింతలు, మూడింతలు తేడాగా ఉండవచ్చు. మోడళ్లకు ఘనపు మీటరుకు 100 నుంచి 160 కిలోల మధ్య ఉన్న చెక్క అనువైనది. దీన్ని కొలవడం చాలా తేలిక. మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు 30 గ్రాములు తూగితే సాంద్రత 100, 60 గ్రాములు తూగితే 200. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, తక్కెడ మాత్రమే తేడా చెబుతుంది. మంచి కిట్‌లో తోకకు తేలిక చెక్క, స్పార్లకు గట్టి చెక్క లేదా స్ప్రూస్, ఇంజిను గోడకు బర్చ్ ప్లైవుడ్ ఏరి పెడతారు. నార దిశ కూడా గమనించదగ్గది. షీటును ఎలా కోశారన్న దాన్ని బట్టి కొన్ని పలకలు సులువుగా వంగుతాయి, వాటిని ‘ఎ’ (A) గ్రెయిన్ అంటారు, రెక్క ముందు భాగం మీద కప్పడానికి అవి కావాలి. మచ్చలు మచ్చలుగా మెరిసే ‘సి’ (C) గ్రెయిన్ పలకలు వంగవు, రిబ్బులకూ తోకకూ అవి సరైనవి. సి గ్రెయిన్ షీటును ముందు అంచు మీద వంచబోతే నిలువునా చీలిపోతుంది, అప్పుడు లోపం తన చేతిదని కొత్తవారు అనుకుంటారు.

ముక్కల కోత గురించి చెప్పాలంటే ఈ రోజుల్లో లేజర్‌తో కోసిన కిట్ తప్ప మరొకటి తొలిసారికి వద్దు. అచ్చు కత్తులతో నొక్కి కోసిన పాత పద్ధతిలో కత్తి మొద్దుబారిన కొద్దీ చెక్క నలిగి, రిబ్బు గాడులు ముక్కలై వచ్చేవి. లేజర్ కోతలో ముక్క కొలత కచ్చితంగా ఉంటుంది, ఒకదాని నాలుక మరొకదాని గాడిలో కూర్చుంటుంది, ఫ్యూజిలాజ్ పెట్టె దానంతటదే చదరంగా వస్తుంది. కాలిన నల్లటి అంచును ఎక్కువ బలం కావలసిన అతుకుల దగ్గర గరుకు కాగితంతో ఒకసారి తేలికగా రుద్దితే జిగురు బాగా పడుతుంది.

గ్రేట్ ప్లేన్స్, టాప్ ఫ్లైట్ పేర్లతో కిట్లు అమ్మిన హాబికో సంస్థ 2018లో దివాలా తీశాక ఆ పాత పెట్టెలు చేతులు మారుతూ తిరుగుతున్నాయి. వాటిలో చాలా మంచి డిజైన్లు ఉన్నాయి, ప్లాన్లు, సూచనల పుస్తకాలు ఇప్పటికీ ఆదర్శమే. పొడిగా ఉంచిన బాల్సా ఏళ్ల తరబడి పాడవదు. అయినా ఇంజిను మీది ప్లాస్టిక్ తొడుగు (కౌలింగ్) పెళుసెక్కి ఉండవచ్చు, ఒక షీటు పోయి ఉండవచ్చు, పోయినదాన్ని మళ్లీ పంపే సంస్థ లేదు. అనుభవం వచ్చాక కొనవలసినవి అవి. ఇలాంటిదే మరొక జాగ్రత్త ఏమిటంటే, కొన్ని కిట్లను షార్ట్ కిట్ పేరుతో అమ్ముతారు. వాటిలో రిబ్బులూ, ఫ్యూజిలాజ్‌కు ఆకారమిచ్చే అడ్డ పలకలైన ఫార్మర్లూ మాత్రమే ఉంటాయి, స్పార్లూ షీట్లూ మీరే కొనుక్కోవాలి. ధర చూసి అది పూర్తి కిట్ అని పొరబడవద్దు.

కొనే ముందు ఒక సాయంత్రం సూచనల పుస్తకానికి కేటాయించండి. ఎక్కువమంది తయారీదారులు దాన్ని తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతారు. ప్రతి దశకూ ఫోటో గానీ బొమ్మ గానీ ఉందా, గురుత్వ కేంద్రం రెక్క ముందు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లో చెప్పారా, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్, ఎయిలెరాన్ ఎంత కదలాలో మిల్లీమీటర్లలో ఇచ్చారా, పెట్టెలో లేనివి ఏమిటో జాబితా ఉందా అని చూడండి. చక్రాలు, హింజులు, కంట్రోల్ హార్న్‌లు, పుష్‌రాడ్‌లు, స్పిన్నర్, పైన కప్పే ఫిల్మ్ చాలా కిట్లలో ఉండవు, వాటన్నిటి ఖర్చు కలిపితే కిట్ ధరకు దగ్గరగా రావచ్చు. పుస్తకం చదువుతున్నప్పుడు ఏదో ఒక దశ రెండుసార్లు చదివినా అర్థం కాకపోతే, అది బల్ల ముందు చేతిలో జిగురు ఉన్నప్పుడు అసలు అర్థం కాదు. ఆ కిట్‌ను పక్కన పెట్టండి. కేవలం ఒక ప్లాను కాగితం, రెండు పేజీల సూచనలు ఇచ్చే కిట్లు అనుభవజ్ఞులకు చాలు, మీకు ఇప్పుడు చాలవు.

మోటారా ఇంజినా అన్న ప్రశ్నకు వస్తే, మీరు ఇప్పటికే ఫోము విమానంతో బ్రష్‌లెస్ మోటారు, లిపో బ్యాటరీ వాడుతున్నారు, ఛార్జరు ఉంది, వాటి జాగ్రత్తలు తెలుసు. కొత్తగా కట్టడం నేర్చుకుంటూనే ఇంజిను సర్దుబాటు కూడా నేర్చుకోవడం రెండు భారాలు ఒకేసారి ఎత్తుకోవడమే. పైగా ఇంజిను నూనె చెక్కలోకి ఇంకకుండా లోపలి గోడలకు ఎపాక్సీ పూయవలసి ఉంటుంది. ట్రైనర్‌కు కిలోకు 150 నుంచి 220 వాట్లు సరిపోతాయి. 1.7 కిలోల విమానానికి 200 చొప్పున లెక్క వేస్తే 340 వాట్లు, 11.1 వోల్టుల మూడు సెల్‌ల బ్యాటరీ మీద దాదాపు 31 ఆంపియర్లు. కాబట్టి 40 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) వాడితే అది వేడెక్కకుండా నడుస్తుంది. అయితే కిట్ మీద 40 సైజు అని రాసి ఉంటే అది 0.40 ఘనపు అంగుళాల, అంటే 6.5 సీసీ గ్లో ఇంజిను కోసం రూపొందినదని అర్థం. అలాంటి కిట్‌లో బ్యాటరీ మార్చడానికి మూత ఉందా, లేకపోతే ప్రతిసారీ రెక్క విప్పవలసి వస్తుందా అని తయారీదారును అడగండి. మోటారును రెండు మూడు డిగ్రీలు కుడి వైపుకూ కిందికీ తిప్పి బిగించే అమరిక ప్లానులో ఉంటే, తయారీదారు మోటారుతో నిజంగా ఎగరవేసి చూశాడని నమ్మవచ్చు.

జిగురు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. రుద్ది నునుపు చేయవలసిన అతుకులకు చెక్క పనికి వాడే తెల్ల జిగురు (పీవీఏ), ముక్కలు ముందే కుదిరి కూర్చున్న చోట పలుచని సీఏ (క్షణాల్లో అతుక్కునే సూపర్ గ్లూ), ఇంజిను గోడకూ (ఫైర్‌వాల్) రెక్క మధ్య అతుకుకూ నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ చాలు. సీఏ ఆవిరి కళ్లను మండిస్తుంది, కిటికీ తెరిచి పని చేయండి. పైన కప్పడానికి వేడికి ముడుచుకునే ఫిల్మ్ తీసుకోండి. అది ముడుచుకునేటప్పుడు రెక్కను కొద్దిగా మెలిపెడితే, ఎదుటి దిక్కుకు చేత్తో మెలిపెట్టి పట్టుకుని మళ్లీ వేడి చేస్తే సరవుతుంది.

పరిమాణం గురించి మీరు అడగలేదు గానీ అది నిర్ణయంలో భాగమే. పెద్ద విమానం నిలకడగా ఎగురుతుంది, దూరం నుంచి దాని దిశ కనిపిస్తుంది. 78 అంగుళాల రెక్క ఉన్న సిగ్ కెడెట్ సీనియర్, 94 అంగుళాల సీనియర్ టెలీమాస్టర్ నెమ్మదిగా ఎగరడంలో పేరు తెచ్చుకోవడానికి వాటి రెక్క వైశాల్యమే ప్రధాన కారణం. కానీ రెక్క ఒకే ముక్కగా ఉంటే అది మీ వాహనంలో పట్టాలి, కట్టే గదిలోంచి తలుపు దాటి బయటికి రావాలి, కట్టే బల్ల కనీసం రెక్కలో సగం పొడవుండాలి. చాలా దేశాల్లో బరువును బట్టి నమోదు నిబంధనలు మారతాయి, వాటిని కూడా ముందే చూసుకోండి. ఒకటిన్నర మీటర్ల కొలత ఈ అన్నిటికీ అనువైనది, ట్రైనర్‌ను ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణం.

పెట్టె ఇంటికి చేరిన రోజున ముక్కలు విడదీయకముందే షీట్లన్నీ తూచి, బరువును పెన్సిల్‌తో వాటి మీదే రాసుకోండి. తోకకు ఉద్దేశించిన షీటు బరువుగా ఉంటే, ఆ ముక్కల ఆకారాన్ని గీసుకుని విడిగా కొన్న తేలిక షీటు నుంచి మళ్లీ కోసుకోండి. గురుత్వ కేంద్రం నుంచి తోక 75 సెంటీమీటర్లు, ముక్కు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తోకలో పెరిగిన ప్రతి 10 గ్రాములకూ ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది, అంటే విమానం మొత్తం 40 గ్రాములు పెరుగుతుంది. రెండు తేలిక షీట్లు, ఒక స్పార్ కర్ర కిట్‌తో పాటే అదనంగా తెప్పించుకోండి. ట్రైనర్ ప్లానులో షియర్ వెబ్‌లు ఉన్నాయో లేదో, బ్యాటరీ మూత ఎక్కడుందో చూసి ఇక్కడే రాస్తే, కొనే ముందు మార్చుకోవలసినది ఏమైనా ఉంటే చెబుతాను.